మన జీనోములో పాత వైరస్‌ల చిరునామాలు: యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ మీద ఒక సమీక్ష

మనిషి జీనోములో, అంటే మొత్తం డీఎన్‌ఏలో, సుమారు 8 శాతం, ఎప్పుడో మన పూర్వజీవుల బీజకణాలకు సోకి అక్కడే స్థిరపడిపోయిన రెట్రోవైరస్‌ల (సోకిన కణపు డీఎన్‌ఏలో తమ ప్రతిని చొప్పించే వైరస్‌ల) డీఎన్‌ఏ. ప్రోటీన్లను తయారుచేయించే భాగం రెండు శాతం దాటదు కనుక, లెక్క ప్రకారం చూస్తే మనలో మన వాటాకన్నా వైరస్‌ల వాటాయే పెద్దది. ఈ అవశేషాలు ఏ క్రోమోజోము మీద ఎక్కడున్నాయో చూడదలచినవారిలో ఎక్కువమంది మొదట తెరిచేది శాంతాక్రజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2000 నుంచి నడుపుతున్న జీనోమ్ బ్రౌజర్ అనే వెబ్‌సైటు. పీజీ విద్యార్థులకు బయోఇన్ఫర్మాటిక్స్ చెప్పే పనిలో కొన్నేళ్లుగా దీన్ని వాడుతున్నాను. జీనోము వెంట ఒక్కో రకం సమాచారాన్ని గీతలుగా చూపే వందలాది ట్రాకులు ఇందులో ఉన్నాయి; వాటన్నిటి జోలికి పోకుండా, పాత వైరస్‌ల ఆచూకీ తీయడానికి ఇది ఎంతవరకు పనికివస్తుందన్న ఒక్క విషయానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

కొత్తగా వచ్చినవారు వెతుకుడు పెట్టెలో ఈఆర్‌వీడబ్ల్యూ-1 అని కొట్టి చూస్తే ఈ బ్రౌజర్ గొప్పతనం ఒక్క నిమిషంలో తెలుస్తుంది. ఏడవ క్రోమోజోము మీద, పీఈఎక్స్1 జన్యువు పక్కనే తెరుచుకునే ఈ చోటులో ఉన్నది ఒక వైరస్ కవచానికి చెందిన జన్యువు. అది తయారుచేసే సిన్‌సిటిన్-1 అనే ప్రోటీన్ నేడు మాయలోని (గర్భంలో బిడ్డను పోషించే ప్లసెంటాలోని) కణాలను ఒకదానితో ఒకటి కలిపే పనిలో ఉంది. పదేపదే వచ్చే డీఎన్‌ఏ ముక్కలను చూపే రిపీట్‌మాస్కర్ ట్రాకును 'ఫుల్' స్థితిలో పెడితే, ఎల్‌టీఆర్ (రెట్రోవైరస్ రెండు కొసల్లోనూ ఉండే ఒకేలాంటి ముక్క) అనే వరుసలో ఒక చివర ఎల్‌టీఆర్17, నడుమ హెర్వ్17-ఇంట్ (హెర్వ్ అంటే మనిషి జీనోములోని రెట్రోవైరస్, ఇంట్ అంటే దాని నడుమ భాగం), రెండో చివర మళ్లీ ఎల్‌టీఆర్17 కనిపిస్తాయి. అంటే రెండు కొసల మధ్య పడుకున్న వైరస్ ఆకారం కంటికి కట్టినట్టు తెలుస్తుంది. ఇంకొంచెం పక్కకు జరిపి చూస్తే ఇంతకన్నా పాతదైన ఎమ్‌ఏఎల్‌ఆర్ జాతి ముక్క ఒకటి వెలిసిన రంగులో కనబడుతుంది. సిన్‌సిటిన్ జన్యువును మాయలో పనిచేయించే ఒక స్విచ్ ఉన్నది ఆ ముక్కలోనే. ఒక వైరస్ జన్యువును అంతకు ముందే వచ్చిన మరో వైరస్ శిథిలం నడిపిస్తోందన్న సంగతిని ఇంత తేలికగా చూపించగల బొమ్మ పాఠ్యపుస్తకాల్లో నాకు ఎక్కడా కనిపించలేదు.

రంగు వెలిసిందన్నది నా అలంకారం కాదు. ఈ ట్రాకులో గీతల నలుపుకు ఒక అర్థం ఉంది: ఆ జాతి మూలరూపంతో పోల్చినప్పుడు డీఎన్‌ఏ అక్షరాలు ఎంత మారితే, ఎన్ని రాలిపోతే, ఎన్ని కొత్తగా చొరబడితే గీత అంత లేతగా కనిపిస్తుంది. పాత ముక్కలు లేతగా, కొత్త ముక్కలు ముదురుగా ఉండడం వల్ల, అనుభవమున్న కంటికి ఏ అంకే చూడకుండానే వయసు అంచనా దొరుకుతుంది. దీని వెనుక పనిచేసే రిపీట్‌మాస్కర్ సియాటిల్‌లోని సిస్టమ్స్ బయాలజీ సంస్థలో ఏరియన్ స్మిట్, రాబర్ట్ హబ్లీల చేతుల్లో పెరిగిన సాఫ్ట్‌వేర్. తెలిసిన వైరస్ జాతుల నమూనాలను వరుసగా జీనోము మీద పరచి, పోలిక కుదిరిన చోటల్లా గుర్తు పెట్టడం దాని పని. కాబట్టి నమూనాల గ్రంథాలయంలో లేని జాతి దాని కంట పడదు. ఆ గ్రంథాలయాల్లో రెప్‌బేస్ చందా కట్టినవారికే అందుతుండగా, డిఫామ్ మాత్రం అందరికీ ఉచితంగా దొరుకుతోంది.

ఇక ఇబ్బందుల సంగతి. మొదటిది పేర్లది. వ్యాసాలలో హెర్వ్-డబ్ల్యూ అని చదువుకుని వచ్చిన విద్యార్థికి ఇక్కడ ఆ పేరు కనిపించదు. దాన్ని హెర్వ్17 అని పోల్చుకోవలసి ఉంటుంది. హెర్వ్-కె జాతిలో అన్నిటికన్నా చిన్నవయసు శాఖ అయిన హెచ్‌ఎమ్‌ఎల్-2 కోసం వెతికేవారు హెర్వ్‌కె-ఇంట్‌ను, దాని కొసలైన ఎల్‌టీఆర్5_హెచ్‌ఎస్, ఎల్‌టీఆర్5ఏ, ఎల్‌టీఆర్5బీలను వేరువేరుగా ఏరుకోవాలి. ఇది రెండు రోజుల్లో అలవాటవుతుంది.

రెండోది అంత తేలికగా వదలదు. రిపీట్‌మాస్కర్ గుర్తించేది వైరస్ ముక్కలనే తప్ప వైరస్‌లను కాదు. నడుమ ఏదైనా ఆలూ మూలకం (జీనోములో తన ప్రతులను అక్కడక్కడ చొప్పించే చిన్న డీఎన్‌ఏ ముక్క) దూరినా, కొంత భాగం రాలిపోయినా, ఒకే ప్రోవైరస్ (జీనోములో చొరబడి స్థిరపడిన వైరస్) పట్టికలో నాలుగైదు వరుసలుగా చీలిపోతుంది. మా తరగతిలో ఒక విద్యార్థిని పట్టికలోని హెర్వ్‌కె-ఇంట్ వరుసలను లెక్కపెట్టి, అన్ని ప్రోవైరస్‌లు ఉన్నాయని సెమినారులో చెప్పేసింది. అలా లెక్కపెట్టడానికి పట్టిక రూపమే పురికొల్పుతుంది కనుక, తప్పు పూర్తిగా ఆమెది అనలేను. 2011లో వెలువడిన ఒక విస్తృత పరిశీలన హెచ్‌ఎమ్‌ఎల్-2 శాఖలో 91 ప్రోవైరస్‌లనూ 944 ఒంటరి ఎల్‌టీఆర్‌లనూ లెక్కతేల్చింది. రెండు కొసలూ ఒకదానితో ఒకటి కలిసిపోయి నడుమ భాగం ఎగిరిపోతే మిగిలేదే ఒంటరి ఎల్‌టీఆర్. అందుకే వాటి సంఖ్య అంత ఎక్కువ. ఏడవ క్రోమోజోము పొట్టి భుజం మీది 7పీ22.1 చోటైతే మరీ చిక్కు: అక్కడ రెండు ప్రోవైరస్‌లు మధ్యలో ఒకే ఎల్‌టీఆర్‌ను పంచుకుని పక్కపక్కనే ఉన్నాయి. కొసలను లెక్కపెట్టి రెండుతో భాగించేవారికి అక్కడ ఒకటిన్నర వైరస్ తేలుతుంది. చీలిన ముక్కలను సన్నటి గీతలతో కలిపి చూపే రిపీట్‌మాస్కర్ విజ్ అనే ట్రాకు హెచ్‌జీ38 అనే మనిషి జీనోము కూర్పులో ఉంది. పాత ట్రాకుకన్నా ముందు దాన్ని తెరవడం మంచిదని నా సలహా.

పట్టికలు దించుకునే టేబుల్ బ్రౌజర్ చాలా బలమైన సాధనమే గానీ, దానికీ ఒక మెలిక ఉంది. తెర మీద స్థానాల లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది. స్థానాల పట్టికగా దించుకున్న బెడ్ అనే రకం ఫైలులో మాత్రం ప్రారంభస్థానం సున్నా నుంచి లెక్కలోకి వస్తుంది. ఒక్క అక్షరమే కదా అనుకుంటే, వైరస్ చొరబడినప్పుడు అటూ ఇటూ ఏర్పడే ఐదారు అక్షరాల జంటగుర్తులను వెతికే పనిలో ఆ ఒక్కటే కొంప ముంచుతుంది. దీనికితోడు పాత వ్యాసాలలోని స్థానాలు ఎక్కువగా 2009 నాటి హెచ్‌జీ19 కూర్పువి కాగా, 2013 చివర వచ్చిన హెచ్‌జీ38లో అవే అంకెలు వేరే చోటికి తీసుకుపోతాయి. నేను ఒక మధ్యాహ్నమంతా వైరస్ లేనిచోట వైరస్‌ను వెతికి, ఆ తరువాతే ఒక కూర్పులోని స్థానాలను మరో కూర్పుకు మార్చే లిఫ్ట్‌ఓవర్ విలువ తెలుసుకున్నాను.

అయితే నేను ఈ బ్రౌజర్‌ను వదలకపోవడానికి అసలు కారణం వయసు లెక్క. రెట్రోవైరస్ చొరబడే క్షణంలో దాని రెండు కొసలూ అచ్చంగా ఒకటే. ఆ తరువాత రెండూ విడివిడిగా మారుతూ పోతాయి. బ్రౌజర్‌లో ఒక్కొక్క ఎల్‌టీఆర్ మీద నొక్కి, దాని డీఎన్‌ఏ తెచ్చుకుని, రెండింటినీ పక్కపక్కన పేర్చి తేడాలు లెక్కపెట్టవచ్చు. 968 అక్షరాలుండే ఎల్‌టీఆర్‌లో ఐదు తేడాలు కనిపిస్తే అది సుమారు అర శాతం. పరిశోధకులు సాధారణంగా వాడే పదిలక్షల ఏళ్లకు 0.24 నుంచి 0.45 శాతం అన్న మార్పు వేగాన్ని రెండు కొసలకూ వర్తింపజేస్తే, చొరబాటు సుమారు 6 నుంచి 11 లక్షల ఏళ్ల కిందటిదని తేలుతుంది. కాగితం, పెన్సిలు, ఈ బ్రౌజర్ ఉంటే చాలు, గంట తరగతిలో ముగిసే లెక్క ఇది.

ఖర్చు విషయానికి వస్తే, చూడడానికి డబ్బూ అక్కరలేదు, ఖాతా కూడా అక్కరలేదు. ఏర్పరచుకున్న తెరను ఆ సైటులోనే పేరు పెట్టి దాచుకోవాలంటే మాత్రం ఖాతా తెరవాలి. జపాన్‌లోని రికెన్ సంస్థ నుంచి నడిచే ఆసియా ప్రతి ఉంది కనుక మన దేశం నుంచి వాడేవారు దాన్నీ ప్రయత్నించవచ్చు. ఫోను తెర మీద మాత్రం ఈ ట్రాకులను చదవడం వృథా ప్రయాస.

చెప్పవలసిన అసలు లోపం బ్రౌజర్‌ది కాదు, అది పరిచి చూపే రెఫరెన్సుది, అంటే అందరి జీనోములనూ పోల్చి చూసే ప్రామాణిక జీనోముది. ఆ రెఫరెన్సులో దాదాపు 70 శాతం ఒకే దాత డీఎన్‌ఏ. 2022లో వచ్చిన, క్రోమోజోములను ఒక కొస నుంచి మరో కొసదాకా చదివిన టీ2టీ జీనోము అంతవరకూ చదవని సుమారు 20 కోట్ల అక్షరాలను జోడించింది గానీ, అదీ ఒక ముత్యాల గర్భం (పిండం సరిగా ఏర్పడని అసాధారణ గర్భం) నుంచి పెంచిన కణాలదే. కొందరిలో ఉండి కొందరిలో లేని వైరస్‌లు ఇలాంటి ఒంటి పటంలో ఎలా కనిపిస్తాయి? 2016లో 2,500 మందికి పైగా జీనోములను జల్లెడపట్టినవారికి రెఫరెన్సులో లేని హెర్వ్-కె చొరబాట్లు 36 దొరికాయి. ఈ రకం వెతుకులాటలకు ఆధారమైన, వివిధ జనసమూహాల జీనోములను చదివిన 1000 జీనోమ్స్ సేకరణలో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు 102 మంది ఉన్నారు. వారి డేటాను ఎవరైనా దించుకోవచ్చు. బ్రౌజర్‌లోని రిపీట్‌మాస్కర్ ట్రాకులో మాత్రం ఆ తేడాలకు చోటులేదు.

అందుకే చివరి తరగతిలో హెచ్‌జీ19 తెరిచి, 19వ క్రోమోజోము మీది 19పీ12లో, కొందరిలోనే ఉండే కె113 అనే హెర్వ్-కె ప్రోవైరస్ ఉండవలసిన చోటుకు తీసుకువెళతాను. అక్కడ హెర్వ్‌కె గీత ఏదీ ఉండదు. ఎదురుగా కూర్చున్నవారిలో ఆ వైరస్ ఎవరి దగ్గరుందో తెలియాలంటే, వారి సమ్మతి తీసుకుని పీసీఆర్ పెట్టవలసిందే.