ఓబీడీ స్కానర్, నాలుగేళ్ల వాడకం తర్వాత: పాత స్పోర్ట్స్ కారులో మిస్సింగ్ పట్టుకున్న కథ

కారు కంప్యూటర్ పట్టుకున్న తప్పుల కోడ్‌లు చదివి చెప్పే ఈ ఓబీడీ స్కానర్ కొన్నది 2021లో, కారు కొన్న వారానికే. కారు 2008 మోడల్. రెండే సీట్లు, టాప్ వెనక్కి మడిచేయొచ్చు, రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను, ఆరు గేర్ల మాన్యువల్. నేను దానికి మూడో ఓనర్ని. కంపెనీ పేరు రాయడం లేదు, పదిహేనేళ్లు దాటిన ఏ కారుకైనా రాగల జబ్బే ఇది. స్కానర్ కూడా పేరున్నదేమీ కాదు. అగ్గిపెట్టెంత బ్లూటూత్ డబ్బా, ఇరవై డాలర్ల లోపే. స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరవడమే. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి పెట్రోల్ కారుకీ ఆ సాకెట్ ఉండి తీరాలి.

మొదటి రెండేళ్లు దీంతో పెద్దగా పని పడలేదు. పెట్రోల్ మూత సరిగా బిగించలేదని ఒకసారి చెప్పింది, అంతే. అసలు పరీక్ష 2023 వేసవిలో వచ్చింది.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. ఒక సాయంత్రం టోల్‌వే ర్యాంపు మీద, ఐదో గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కగానే బండి కుదుపులు మొదలుపెట్టింది. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగి వదులుతున్నట్టు. మన ఊళ్లో మెకానిక్ అయితే వినగానే "మిస్సింగ్ కొడుతోంది" అనేవాడు, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు మండాల్సినప్పుడు మండటం లేదని. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలగడం లేదు, ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటోంది. ఈ తేడా ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి. లైటు నిలకడగా ఉంటే సాధారణంగా నెమ్మదిగా ఇంటికి చేరుకోవచ్చు. కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి. సిలిండర్‌లో మండని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోయి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. అప్పుడు పుట్టే వేడికి లోపలున్న తేనెపట్టులాంటి పింగాణీ కరిగిపోవచ్చు. స్పార్క్ ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ ఖరీదుకీ కన్వర్టర్ ఖరీదుకీ పోలికే లేదు.

పక్క రోడ్డులోకి దించి, ఆపి, స్కానర్ గుచ్చాను. కోడ్ పీ0303. చివరి అంకె సిలిండర్ నంబరు, అంటే మూడోది. పీ0300 వస్తే మిస్సింగ్ ఏ ఒక్క సిలిండర్‌కీ పరిమితం కాలేదని అర్థం, అది ఇంకాస్త చిక్కు. కోడ్ కనిపించగానే చెరిపేయాలని చెయ్యి లాగుతుంది. దయచేసి ఆ పని చేయకండి. కోడ్‌తో పాటు 'ఫ్రీజ్ ఫ్రేమ్' అనేది కూడా పోతుంది. తప్పు దొరికిన క్షణంలో ఇంజను ఏ స్థితిలో ఉందో కంప్యూటర్ తీసి పెట్టుకునే ఫోటో లాంటిది అది. నాకు అందులో కనిపించినవి: 2,400 ఆర్‌పీఎం, 84 శాతం లోడు, కూలెంట్ 88 డిగ్రీలు, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 3 శాతం. ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. తర్వాత నాకు దారి చూపింది ఆ స్క్రీన్‌షాటే.

ట్రిమ్ ప్లస్ 3 అంటే కంప్యూటర్ పెట్రోలు కాస్త ఎక్కువ కలుపుతోంది, మామూలే. ప్లస్ 10 దాటి ఉంటే గాలి దొంగదారిన లోపలికి వస్తోందేమో, పెట్రోలు చాలడం లేదేమో అని వెతకాలి. ఆ రెండింటినీ పక్కన పెట్టేశాను. ఇంజను బాగా వేడెక్కి ఉంది, బరువు లాగుతోంది, అప్పుడే తప్పింది. ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజను తిరుగుతున్నప్పుడు, వణుకే లేదు. ఇవన్నీ కలిపి చూస్తే అనుమానం స్పార్క్ వైపే పోయింది.

ఒక గ్యారేజీలో అడిగితే నాలుగు కాయిళ్లు, నాలుగు ప్లగ్గులు, ఇంజెక్టర్ల క్లీనింగు కలిపి తొమ్మిది వందల డాలర్ల పైన చెప్పారు. ఏది పాడైందో చూడకుండా అన్నీ మార్చడం నాకు నచ్చలేదు. శనివారం పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే, బానెట్ ఎత్తాను.

ఈ ఇంజనుకి ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ కూర్చుని ఉంటుంది. పది మిల్లీమీటర్ల బోల్టు ఒకటి తీసి, కనెక్టర్ విప్పితే కాయిల్ చేతిలోకి వచ్చేస్తుంది. ఆ కనెక్టర్ల ప్లాస్టిక్ నాలుకలు వేడికి ఎండి పెళుసుబారి ఉంటాయి, బొటనవేలితో సున్నితంగా నొక్కాలి. మూడోదాని కాయిల్ తీసి ఒకటో సిలిండర్‌కి పెట్టాను, ఒకటోదాన్ని మూడుకి. కోడ్ చెరిపి, అదే ర్యాంపు, అదే గేర్. కుదిపింది. ఇప్పుడు కోడ్ పీ0301. జబ్బు కాయిల్‌తో పాటు వెళ్లింది. పైసా ఖర్చు లేకుండా, ఇరవై నిమిషాల్లో. ఇంట్లో చేసుకునే పరీక్షల్లో ఇంతకంటే మంచిది నాకు తెలియదు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఉత్సాహంగా చెప్పాను. తెనాలిలో ఆయన ఇరవై ఏళ్లు టూ స్ట్రోక్ స్కూటర్ నడిపారు. ఆదివారం పొద్దున ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, దాని మూతి రంగు చూసి ఇంజను సంగతి చెప్పేవారు. ఇటుక రంగుంటే బాగున్నట్టు, తడి నలుపుంటే ఆయిల్ ఎక్కువైనట్టు. అంతా విని, "ప్లగ్గు తీసి చూశావా నాన్నా?" అన్నారు. "కాయిలే అని తేలిపోయింది నాన్నా, ప్లగ్గులు ఈమధ్యే మార్చామని అమ్మినాయన చెప్పాడు" అన్నాను. "సరే, నీ ఇష్టం" అన్నారు.

ఒకటోదాని కాయిల్‌ని తిరిగి దాని చోటే పెట్టి, కొత్త కాయిల్ మూడోదానికి బిగించాను. కారు హాయిగా పరిగెత్తింది. సరిగ్గా ఆరు వారాలు.

ఓ ముసురు పట్టిన పొద్దున మళ్లీ పీ0303. అప్పుడు పాత స్క్రీన్‌షాట్లన్నీ తెరిచి కూర్చున్నాను. ఈ స్కానర్ యాప్‌లో 'మోడ్ 6' అని ఒక పేజీ ఉంటుంది, చాలామంది తెరవరు. క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ ప్రతి సగం చుట్టుకీ పట్టిన సమయాన్ని కొలుస్తూ ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో ప్రతి సగం చుట్టుకీ ఒక సిలిండర్ పేలాలి. పేలకపోతే ఆ సగం చుట్టు రవ్వంత ఆలస్యమవుతుంది. అలా తప్పినవాటిని సిలిండర్ల వారీగా లెక్కపెట్టి మోడ్ 6లో ఉంచుతారు. 2008 మోడల్ నుంచి అమెరికాలో కార్లన్నింటికీ క్యాన్ అనే పద్ధతి (స్కానర్‌తో కారు కంప్యూటర్ మాట్లాడే తీరు) తప్పనిసరి కావడంతో ఈ లెక్కలు ఏ కంపెనీ కారులోనైనా ఒకే చోట దొరుకుతాయి. కాయిళ్లు మార్చి చూసిన రోజు స్క్రీన్‌షాట్‌లో ఒకటో సిలిండర్ లెక్క 212. నేను చూసింది అదొక్కటే. దాని కింద రెండు, నాలుగు సిలిండర్లకి సున్నా. మూడోదానికి 14. అంటే బాగున్న కాయిల్ పెట్టాక కూడా మూడోది అప్పుడప్పుడు తప్పుతూనే ఉంది. జవాబు ఆ రోజే నా ఫోన్‌లో ఉంది.

మూడోదాని ప్లగ్గు తీశాను. ముందు ప్లగ్గు కూర్చునే గుంతలోకి గాలి కొట్టి దుమ్ము పోగొట్టాలి, లేకపోతే అదంతా సిలిండర్‌లో పడుతుంది. అయస్కాంతం ఉన్న ప్లగ్ సాకెట్‌కి అంటుకుని పైకి వచ్చింది. మూతి రంగు చక్కగా లేత గోధుమ రంగులో ఉంది. అది చూసి వదిలేసేవాడినే. కానీ కిటికీ దగ్గర వెలుతురులో తిప్పుతుంటే తెల్లటి పింగాణీ ఒంటి మీద సన్నటి నల్లగీత కనిపించింది, పైనుంచి కింద ఇనుము దాకా, చెక్కిన పెన్సిల్‌తో గీసినట్టు. గోరుతో గీకితే పోలేదు. ఆరు వారాల కిందట కొన్న కాయిల్‌కి, ప్లగ్గు మీద తొడుక్కునే రబ్బరు బూటు లోపల టార్చి వేసి చూస్తే, సరిగ్గా అదే చోట దానికి జోడీగా ఇంకో గీత.

దీన్ని కార్బన్ ట్రాకింగ్ అంటారు. కరెంటు ప్లగ్గు మూతి దగ్గర దూకాల్సింది పోయి, పింగాణీ బయటి గోడ మీదుగా జారి ఇనుములోకి పోతుంది. పోయిన దారిలో బొగ్గు గీత పడుతుంది, బొగ్గులో కరెంటు పారుతుంది కాబట్టి మరోసారికి ఆ దారి ఇంకా సులువవుతుంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, మూతి దగ్గర దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అప్పుడే కరెంటు పక్కదారి పడుతుంది. ఐడిల్‌లో ఏమీ తెలియనిది అందుకే. ప్లగ్గు మీద గీత ఉంచి కాయిల్ ఒక్కటే మారిస్తే, ఆ గీత కొత్త బూటుని కూడా తినేస్తుంది. నా విషయంలో జరిగింది అదే. రెండూ కలిపే మార్చాలి.

మూడో గుంత అడుగున ఆయిల్ తడి కూడా ఉంది. ఇంజను పైమూత కింద ఉండే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ గట్టిపడి కారుతోంది, ఆయిల్ తగిలి బూటు రబ్బరు మెత్తబడింది. గ్యాస్కెట్, నాలుగు ప్లగ్గులు, మూడోదానికి కొత్త బూటు, బూట్ల లోపల పల్చగా, కరెంటు పారనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు. ప్లగ్గులు చేత్తో తిప్పి మరలు పట్టాక, కారు మాన్యువల్లో చెప్పినంతే టార్క్ రెంచ్‌తో బిగించాను, హెడ్డు అల్యూమినియం కదా, ఎక్కువ బిగిస్తే మరలు పోతాయి. ఎలాగూ విప్పాను కాబట్టి కంప్రెషన్ (సిలిండర్లు గాలిని నొక్కే ఒత్తిడి) కూడా చూశాను, నాలుగూ 170కీ 175 పీఎస్‌ఐకీ మధ్యే ఉన్నాయి. ఆ రోజు నుంచి నేటి దాకా మోడ్ 6లో నాలుగు సిలిండర్లకీ సున్నాలే.

ఇక స్కానర్ మీద నా ఫిర్యాదులు. సాకెట్‌లో వదిలేస్తే బ్యాటరీ తాగేస్తుంది. వారానికోసారి తీసే కారులో మర్చిపోయి ఊరెళ్లొచ్చాను, రెండు వారాలకి బ్యాటరీ పూర్తిగా డెడ్. అంకెలు నెమ్మదిగా మారతాయి, ఒక్కసారి తప్పిన స్పార్క్‌ని లైవ్‌లో చూద్దామంటే కుదరదు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు నా కారులో చదవలేదు. పాత రకం బ్లూటూత్ కాబట్టి ఐఫోన్‌తో కలవదు, ఐఫోన్ వాళ్లు వైఫైది గానీ బ్లూటూత్ ఎల్‌ఈ అనే కొత్త రకంది గానీ అడిగి కొనండి.

ఒక ఉపకారం మాత్రం ఏటా చేస్తోంది. 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేసినా, మా కాలిన్ కౌంటీలో ఎమిషన్స్ టెస్టు (పొగ పరీక్ష) ఉంది. కోడ్ చెరిపితే లోపలి మానిటర్లన్నీ, అంటే కారు తనకు తాను చేసుకునే పరీక్షలన్నీ, మొదటికి వస్తాయి. 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకి ఒక్కటి మించి రెడీ కాకపోతే టెస్టు పాసవ్వదు. వెళ్లే ముందు రోజు రాత్రి గరాజ్‌లోనే చూసుకుంటాను, టెన్షన్ ఉండదు.

ఆ పాత ప్లగ్గు పారేయలేదు, గుడ్డలో చుట్టి టూల్ బాక్స్‌లో పెట్టాను. వీడియో కాల్‌లో చూపిస్తే నాన్నకి గీత సరిగా కనబడలేదట. సంక్రాంతికి వెళ్తున్నాను, పట్టుకెళ్తాను.