ఉప్పుగాలిలో స్టీలు రేజర్లు: 303, 304, 316ఎల్, 17-4 పీహెచ్ గ్రేడుల గురించి

నరసాపురం దాటి సముద్రం వైపున్న ఊళ్లో ఉంటూ, నాలుగు గ్రేడుల స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన సేఫ్టీ రేజర్లను కొన్నేళ్లుగా మార్చి మార్చి వాడుతున్నాను. కొన్నిటిని మొత్తంగా కొన్నాను, కొన్నిటికి తల మాత్రం కొని పిడిని భీమవరంలో ఒక లేతు షాపులో తిప్పించుకున్నాను. ఇంతకాలం వాడిన మీదట నాకు తేలినదేమిటంటే, గడ్డం గీసుకోవడంలో ఈ గ్రేడుల మధ్య తేడా లేదు. ఉన్న తేడా అంతా తలనూ పిడినీ కలిపే మరలోనూ, బ్లేడు కింద నీరు నిలిచే సందులోనూ, పిడి మీది గరుకు గీతల్లోనూ (నర్లింగు) బయటపడుతుంది.

వెంట్రుకను కోసేది బ్లేడు. దాని మందం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. సుమారు 13 శాతం క్రోమియం, 0.6 నుంచి 0.7 శాతం వరకు కార్బన్ ఉన్న ఉక్కును కాల్చి చల్లార్చి, గట్టిపరచి దానిని చేస్తారు. రేజర్ తల చేసే పనల్లా ఆ బ్లేడును వంచి, ఒక కోణంలో కదలకుండా పట్టుకోవడమే. 304, 316 రకాలు ఎంత కాల్చి చల్లార్చినా గట్టిపడవు, గట్టిపడవలసిన అవసరమూ లేదు. అందుచేత సర్జికల్ స్టీలు కనుక నునుపుగా గీస్తుందనే ప్రకటనలను నేను లెక్కలోకి తీసుకోను. ఆ పేరు ఒకే గ్రేడుకు చెందినది కాదు. 316ఎల్‌నూ అలాగే పిలుస్తారు, కత్తెరలకూ పట్టకార్లకూ వాడే 420నూ అలాగే పిలుస్తారు. ఆ రెండోది ఉప్పునీటికి ఏమాత్రం ఓర్చుకోదు.

మా వైపు ఈ ఓర్పే అసలు పరీక్ష. ధవళేశ్వరం నుంచి కాలువ నీళ్లు వస్తున్నంత కాలం ఏ గ్రేడైనా ఒకటే. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు స్నానానికి బోరు నీళ్లే గతి, తీరం దగ్గర ఆ నీటిలో ఉప్పు నాలుకకే తెలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని మీద తనంత తానే ఏర్పడే క్రోమియం ఆక్సైడు పొర. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటేనే ఆ పొర నిలుస్తుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ ఛేదిస్తుంది. గాలి ఆడని సందులో పొర తిరిగి అల్లుకోవడం కష్టం కనుక అక్కడే గుంట పడుతుంది. రేజర్ తలలో మూతకూ కింది పలకకూ మధ్య తడి బ్లేడు, సబ్బు నురగ నిలిచి ఉండే చోటు సరిగ్గా అలాంటి సందే. క్రోమియం పూత వేసిన జింకు మిశ్రమపు రేజర్ల గురించి ఒక్క మాట చాలు: పూతలో సూదిమొన అంత రంధ్రం పడినా లోపలి జింకు తెల్లటి పొడిగా మారుతుంది, చివరికి తలకు ఉన్న మర విరుగుతుంది.

ఇక 303. లేతు షాపులో మొదట పిడికి కడ్డీ ఎంచుకుంటున్నప్పుడు మేస్త్రి అన్న మాట ఇది: "ఆయ్, త్రీ నాట్ త్రీ అయితే సాయంత్రానికి ఇచ్చేస్తానండి. త్రీ నాట్ ఫోరైతే టూలు తినేస్తాది, రేపు రావాలండి." ఆయన చెప్పింది నిజమే. 303లో గంధకాన్ని కనీసం 0.15 శాతం కావాలనే కలుపుతారు. దానివల్ల కోతలో వచ్చే లోహపు పొట్టు చిన్న ముక్కలుగా తెగి రాలిపోతుంది, మరా నర్లింగూ చక్కగా వస్తాయి. 304లో పొట్టు పొడుగ్గా చుట్టుకుంటుంది, టూలు కోయకుండా ఒరిసిందంటే ఆ చోటు మరింత గట్టిపడి తరువాతి కోతకు లొంగదు. అయితే 303లో గంధకం మాంగనీసు సల్ఫైడు రేణువులుగా ఉంటుంది. ఉపరితలానికి తేలిన రేణువులు ఉప్పునీటిలో ముందుగా కరిగి, అక్కడ గుంటలు మొదలవుతాయి. నా 303 పిడికి నర్లింగు గీతల అడుగున గోధుమరంగు చుక్కలు వచ్చాయి. పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే పోతాయి, వేసవిలో మళ్లీ వస్తాయి. నికెల్ పడనివారు దీనికి దూరంగా ఉండటం మంచిది, ఎందుకంటే గంధకం ఉన్న ఈ రకం నుంచి నికెల్ విడుదల 304, 316ఎల్ కన్నా ఎక్కువ. ఇన్ని చెప్పినా 303ను పూర్తిగా తోసిపుచ్చలేను. దాని మర ఎన్నడూ పట్టేయలేదు.

ఈ పట్టేయడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, కొనేవారికి ఎవరూ చెప్పని విషయం ఇదే కాబట్టి. ఎక్కువ రేజర్లలో తలకూ పిడికీ మధ్య ఉండేది 5 మిల్లీమీటర్ల మర. 304 మీద 304నో, 316ఎల్ మీద 316ఎల్‌నో పొడిగా బిగిస్తే రెండు ఉపరితలాలూ ఒరుసుకుని, పై పొర లేచి, లోహం లోహానికి అతుక్కుంటుంది. నా 316ఎల్ రేజర్ ఒక ఉదయం అలా బిగుసుకుపోయి, గుడ్డ చుట్టి పట్టకారుతో తిప్పితే గాని ఊడిరాలేదు. అప్పటినుంచి వారానికోసారి మరకు ఒక చుక్క కొబ్బరినూనె రాస్తున్నాను, వేళ్లతో తగలగానే బిగించడం ఆపుతున్నాను. మళ్లీ ఆ బాధ రాలేదు.

304 మన వంటగిన్నెల స్టీలే: 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. దీని తల మీద బ్లేడు అంచు ఆనే చోట టీరంగు మరక కనిపించింది. భూతద్దంతో చూస్తే అది గుంట కాదు, తక్కువరకం బ్లేడు నుంచి దిగిన తుప్పు. నిమ్మచెక్కతో రుద్ది కడిగితే పోయింది. ఇటువంటి మరకను చూసి రేజర్‌నే నిందించేవారు చాలామంది. ఇనుప పీచుతో మాత్రం రుద్దకూడదు, ఆ ఇనుము స్టీలులో దిగబడి తానే తుప్పుపడుతుంది. లేతు షాపులో చేయించుకునే పిడికీ ఇదే ప్రమాదం ఉంది. రొయ్యల చెరువుల ఏరేటరు షాఫ్టులు కోసిన టూలుతోనే మన పిడినీ కోస్తారు కనుక, పని పూర్తయ్యాక సిట్రిక్ లేదా నైట్రిక్ ఆమ్లంతో శుద్ధి చేయించగలిగితే చేయించాలి. 304 అని చెప్పి మాంగనీసు ఎక్కువగా, నికెల్ తక్కువగా ఉండే 200 శ్రేణి కడ్డీని అంటగట్టడం ఉంది. దీనిని అయస్కాంతంతో పట్టుకోలేము, రెండూ అంటుకోవు. పైగా నర్లింగు రోలరు కింద నలిగిన అసలైన 304 కూడా కాస్త అంటుకోవచ్చు. స్టీలు మీద మందు చుక్క వేసి రకం పరీక్షించే దుకాణంలోనే కడ్డీ కొనడం మేలు.

316ఎల్‌లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. క్రోమియం శాతానికి మాలిబ్డినం శాతాన్ని 3.3తోనూ, నత్రజని శాతాన్ని 16తోనూ హెచ్చించి కలిపితే గుంటలను తట్టుకునే శక్తికి ఒక కొలత వస్తుంది. 304కు అది 18 నుంచి 20 వరకు, 316ఎల్‌కు 24 దరిదాపుల్లో ఉంటుంది. కాగితం మీద చిన్న తేడాగా కనిపించే ఈ అంకె మా బోరు నీటిలో పెద్ద తేడా. వేసవులు గడిచినా నా 316ఎల్ తల లోపలి వైపు కూడా ఒక్క గుంట లేదు. మెరుగు పెట్టిన తల కనుక ఇంకా మేలు. అదే గ్రేడులో ఇసుక ధారతో మసకగా చేసిన ఉపరితలం ఉప్పును పట్టి ఉంచుతుంది.

17-4 పీహెచ్ వేరే జాతి. 15 నుంచి 17.5 శాతం క్రోమియం, 3 నుంచి 5 శాతం చొప్పున నికెల్, రాగి ఉండి, 482 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక గంట ఉంచితే బాగా గట్టిపడుతుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. లోహపు పొడిని అచ్చులో పోసి, కాల్చి బిగించే పద్ధతిలో తలలు చేసేవారికి ఇది అనువైన రకం. స్నానాల గది బండ మీద పడినా నా దాని తల అంచున ఉన్న సన్నటి దువ్వెన పళ్లు వంగలేదు. ఉప్పుకు మాత్రం 304 పాటిదే, మూత అడుగున మెరుగు పెట్టని చోట దానికన్నా ఒక మెట్టు కిందే అనిపించింది.

తణుకు, మండపేట వంటి లోపలి ఊళ్లలో ఏడాది పొడుగునా మంచినీళ్లు వాడేవారు 316ఎల్ కోసం అదనంగా ఖర్చు పెట్టనక్కరలేదు, 304 చాలు. తీరం వెంబడి ఉన్నవారికి తల 316ఎల్ కావాలి, గీసుకున్నాక బ్లేడు తీసి మూడు ముక్కలనూ విడివిడిగా ఆరబెట్టాలి, పటిక తగిలిన తడిచేత్తో పట్టుకుంటే కడగాలి. పిడి సంగతికి వస్తే, నేను ఇప్పుడు అదే మేస్త్రి తిప్పిన ఇత్తడి పిడిని 316ఎల్ తలకు తగిలించి వాడుతున్నాను: మర పట్టేయదు, బరువు స్టీలు కన్నా కాస్త ఎక్కువే, మసకబారితే చింతపండు ఉంది. మొత్తం స్టీలే కావాలనుకుంటే మాత్రం అమ్మేవారిని తల గ్రేడు ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. 316ఎల్ అని పెద్ద అక్షరాలతో రాసిన పెట్టెలో పిడి 303 కావడం మామూలే.