‘లైనక్స్‌లో కూడా పనిచేస్తుంది’ అన్న మాట నమ్మి సౌండ్ కార్డు కొనబోయేవారికి హెచ్చరిక

కోపం చల్లారకముందే రాస్తున్నాను. చల్లారేదాకా ఆగితే ఈలోగా ఇంకో నలుగురు అదే డబ్బా కొనేసి ఉంటారు. ఆ విక్రేత ఎవరో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. యూఎస్‌బీ సౌండ్ కార్డు కోసం వెతికితే మొదటి వరుసలో కనబడే నల్లటి చిన్న డబ్బా వాళ్ళదే. నా ల్యాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్ జాక్ పాడైంది, పాఠాలు రికార్డు చేయక తప్పదు, వాళ్ళ పేజీలో విండోస్, మ్యాక్, లైనక్స్ అని మూడు పేర్లూ ఉన్నాయి. అయినా అనుమానం తీరక ప్రశ్నల విభాగంలో విడిగా అడిగాను. ‘లైనక్స్‌లో పనిచేస్తుంది, డ్రైవర్ కూడా అక్కరలేదు, ధైర్యంగా తీసుకోండి’ అని జవాబిచ్చారు. తీసుకున్నాను.

తగిలించగానే డబ్బా మీద లైటు వెలిగింది. శబ్దం మాత్రం రాలేదు. తప్పు నా వైపే ఉందేమోనని రెండు రాత్రులు నా సిస్టమ్‌నే అనుమానించాను. శబ్దాన్ని కార్డుకు చేరవేసే పైప్‌వైర్ అనే ప్రోగ్రామ్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టాను, లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను అప్‌డేట్ చేశాను, పోర్టులు మార్చాను, ఎక్కడైనా మ్యూట్ అయి ఉందేమోనని శబ్దం స్థాయిలను చూపే అల్సామిక్సర్ తెరిచి ప్రతి గీత కిందా చూశాను. అసలు సౌండ్ కార్డులను చూపే ఏప్లే అనే కమాండ్ ఇచ్చే జాబితాలో ల్యాప్‌టాప్ సొంత కార్డు తప్ప మరొకటి లేనేలేదు. పైప్‌వైర్ అయినా, అదే పని చేసే పల్స్ఆడియో అయినా, కెర్నల్‌లో కార్డులను నడిపే అల్సా అనే భాగం చూపించిన కార్డుకే శబ్దాన్ని పంపగలవు. అల్సాకే కార్డు కనబడనప్పుడు పై అంతస్తులో ఎన్ని మరమ్మతులు చేసినా ప్రయోజనం ఉండదు. ఇది నాకు తెలియని విషయం కాదు. తెలిసి కూడా, వాళ్ళు అంత గట్టిగా చెప్పారు కదా అని, వస్తువును అనుమానించకుండా రెండు రాత్రులు పోగొట్టుకున్నందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

మూడో రోజు, యూఎస్‌బీ పరికరాలను చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌తో ఆ పరికరం వివరాలన్నీ బయటికి తీశాను. యూఎస్‌బీ ఆడియో ప్రమాణాన్ని పాటించే పరికరం తాను ఏ రకమో తెలిపే సంఖ్యను, అంటే ఇంటర్‌ఫేస్ క్లాస్‌ను, 1 అని చెప్పుకుంటుంది. ఆ ప్రమాణం మొదటి రూపం 1998లోనూ, రెండోది 2006లోనూ వచ్చాయి, వాటికి కావలసిన డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, కెర్నల్‌లోనే ఉంటుంది. అందుకే మంచి కార్డులు తగిలించిన క్షణంలోనే పలుకుతాయి. ఈ డబ్బా మాత్రం మొదటి ఇంటర్‌ఫేస్ నుంచి చివరిదాకా 255 అని చెబుతోంది. తయారీదారు సొంత పద్ధతి అని దాని అర్థం. అలాంటి పరికరాలను కొన్నింటిని కెర్నల్ డ్రైవర్ వాటి గుర్తింపు సంఖ్యను బట్టి ప్రత్యేకంగా ఆదుకుంటుంది గానీ, దీని సంఖ్య ఆ పట్టికలో లేదు. డ్రైవర్ అక్కరలేదన్న మాట అబద్ధమని ఆ పరికరమే చెప్పింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. కొనేముందు నేను చదివిన సమీక్షల్లో ఒకరు తమ కార్డు గుర్తింపు సంఖ్యను రాశారు. అది నా దానితో కలవలేదు. పేరు అదే, డబ్బా అదే, లోపలి చిప్ మాత్రం మార్చేశారు. పాత చిప్‌కు వచ్చిన మెప్పుతో కొత్త చిప్‌ను అమ్ముతున్నారు.

విక్రేతకు రాస్తే ఒక జిప్ ఫైలు పంపారు. అందులోని డ్రైవర్ కోడ్‌ను కంపైల్ చేయబోతే, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా మార్చబోతే, యాక్సెస్_ఓకే అనే కెర్నల్ మాక్రోకు (పేరుతో పిలిచి వాడుకునే కోడ్ ముక్కకు) మూడు విలువలు ఇస్తున్నారని, అది రెండే తీసుకుంటుందని మొదటి తప్పు వచ్చింది. కెర్నల్‌లో ఆ మార్పు 2019లో, 5.0 వెర్షన్ నాడే జరిగింది. అన్నేళ్ళుగా ఎవరూ ముట్టుకోని కోడ్‌ను నాకు అంటగట్టారు. దాన్ని సరిచేస్తే వెనకే పదకొండు తప్పులు వరుస కట్టాయి.

అప్పటిదాకా నేను మర్యాదగానే మాట్లాడాను. వివరాలన్నీ జతచేసి, వస్తువును వాపసు తీసుకోమని అడిగాను. వచ్చిన జవాబు ఇది: ‘విండోస్‌లో పెట్టి చూడండి, పనిచేస్తే వస్తువులో లోపం లేనట్టే. సీలు తీశారు కాబట్టి వాపసు కుదరదు. లైనక్స్ వాడుతున్నారు, డ్రైవర్ రాసుకోవడం రాదా?’

ఆ చివరి వాక్యం కన్నా దాని తర్వాత చూసినదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వాళ్ళ పేజీలోని మాటనే వాళ్ళకు చూపిద్దామని తిరిగి తెరిచాను. ‘విండోస్, మ్యాక్,’ అని ఉంది. కామా అలాగే ఉంది, దాని తర్వాత ఉండవలసిన లైనక్స్ అనే పేరు లేదు. తీసేసిన తొందరలో కామాను చెరపడం మరిచిపోయారు. నేను అడిగిన ప్రశ్నా, వాళ్ళు ఇచ్చిన జవాబూ కూడా మాయమయ్యాయి. తెలియక చెప్పినవాళ్ళయితే క్షమాపణ చెప్పి పేజీ సరిచేసేవాళ్ళు. వీళ్ళు మాత్రం ఒక చేత్తో నన్ను తప్పుపడుతూ, రెండో చేత్తో నా సాక్ష్యాన్ని చెరిపేశారు. కొన్న రోజున ఆ పేజీని ఒక్క స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోలేదు. ఆ తప్పు మాత్రం పూర్తిగా నాదే.

కొనబోయేవారికి నా మాట ఇంతే. పేరును, సమీక్షలను నమ్మకుండా, ఇప్పుడు అమ్ముతున్న వస్తువు యూఎస్‌బీ గుర్తింపు సంఖ్య ఏమిటో రాతపూర్వకంగా అడగండి, చెప్పకపోతే వదిలేయండి. పేజీని, జవాబును డబ్బు కట్టకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. వస్తువు చేతికి రాగానే, వీలైతే కెమెరా ముందే సీలు తీసి, ఏప్లే జాబితాలో కార్డు కనబడుతోందో లేదో అదే రోజున చూడండి. కనబడకపోతే నాలాగా మిక్సర్‌లో వెతుకుతూ కూర్చోకుండా వెంటనే వాపసు అడగండి.

అమ్మకపు వేదికకు ఫిర్యాదు చేశాను, ఇంకా జవాబు రాలేదు. ఆ పేజీలో లైనక్స్ అన్న పేరు ఉన్నప్పటి స్క్రీన్‌షాట్ మీలో ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి నాకు పంపండి.