ప్యాకెట్ ట్రేసర్‌లో స్టాటిక్ ఐపీ: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

డిప్లొమా పిల్లలకు నెట్‌వర్కింగ్ ల్యాబ్ చెబుతాను. కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి రౌటర్లు, పీసీలు పెట్టి నెట్‌వర్క్ కట్టి చూసే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ తెరవకుండా నాకు పని రోజు గడవదు. ఇందులో చేయగలిగినవి చాలా ఉన్నాయి గానీ ఈ సమీక్ష ఒక్క పనికే: పీసీలకు, రౌటర్లకు మన చేత్తో ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే అంకెలు) ఇవ్వడం, అంటే స్టాటిక్ ఐపీ. కొత్తవాళ్లు మొదట చేసే పని ఇదే, ఎక్కువగా తడబడేదీ ఇక్కడే.

నేను ఎప్పుడూ ఒకే నమూనాతో మొదలుపెడతాను. మధ్యలో 2911 రౌటర్, అటూ ఇటూ ఒక్కో 2960 స్విచ్, చివర్లలో ఒక్కో పీసీ. ఎడమవైపు నెట్‌వర్క్ 192.168.10.0, కుడివైపు నెట్‌వర్క్ 192.168.20.0. పీసీ మీద నొక్కి డెస్క్‌టాప్ ట్యాబ్‌లో ఐపీ కాన్ఫిగరేషన్ తెరిచి, స్టాటిక్ ఎంచుకుని అడ్రస్, సబ్‌నెట్ మాస్క్ (అడ్రస్‌లో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పేది), డిఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే రౌటర్ అడ్రస్) టైప్ చేస్తే చాలు. విడిగా సేవ్ చేయాల్సిన పని లేదు.

టెన్షన్ అంతా రౌటర్ దగ్గరే. అడ్రస్ సరిగ్గానే ఇచ్చినా వైరు మీద ఎర్ర త్రికోణం పోదు. రౌటర్ పోర్టులు మొదట మూసి ఉంటాయి కాబట్టి ఒక్కోదాంట్లోకీ వెళ్లి ‘నో షట్‌డౌన్’ కమాండ్ కొట్టాలి. కాన్ఫిగ్ ట్యాబ్‌లో టిక్కు పెట్టినా తెరుచుకుంటుంది, పైగా ఆ టిక్కుకు సరిపోయే కమాండ్ కింద కనిపిస్తుంది. కమాండ్లంటే భయపడేవాళ్లకు ఇది చాలా మేలు. ఇక స్విచ్ వైపు కాసేపు కనిపించే నారింజ రంగు తప్పు కాదు, డేటా స్విచ్‌ల మధ్య చక్రంలా తిరగకుండా కాపాడే స్పానింగ్ ట్రీ తన పని చూసుకుంటోందంతే. ఫాస్ట్ ఫార్వర్డ్ బటన్ నొక్కితే పచ్చగా మారుతుంది. మొదటి పింగ్ (అవతలి పరికరం జవాబిస్తుందో లేదో చూసే పరీక్ష) టైమవుట్ అయినా కంగారు వద్దు. ఏఆర్‌పీ (ఐపీ అడ్రస్ చెప్పి మ్యాక్ అడ్రస్ అడిగే పద్ధతి) ద్వారా అవతలి పరికరం మ్యాక్ అడ్రస్, అంటే దాని హార్డ్‌వేర్ అడ్రస్, తెలుసుకునేలోపు ఆ ప్యాకెట్ పోతుంది, తర్వాతివి అందుతాయి.

ఈ సాఫ్ట్‌వేర్‌ను నేను వదలకపోవడానికి అసలు కారణం ప్యాకెట్ ప్రయాణాన్ని ఒక్కో అడుగుగా చూపించే సిమ్యులేషన్ మోడ్. కుడివైపు పీసీకి గేట్‌వే ఇవ్వకుండా వదిలేసి, ఎడమవైపు నుంచి పింగ్ కొట్టమంటాను. రియల్‌టైమ్‌లో కనిపించేది ‘రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్’ మాత్రమే. పంపిన పీసీలో తప్పుందా, రౌటర్‌లోనా, అవతలి పీసీలోనా అన్నది దాన్నిబట్టి తేలదు. అదే సిమ్యులేషన్‌లో ఏఆర్‌పీ, ఐసీఎంపీ (పింగ్ వాడే ప్రొటోకాల్) మాత్రం ఉంచి అడుగడుగునా ముందుకు జరిపితే, ప్యాకెట్‌ను సూచించే కవరు బొమ్మ రౌటర్ దాటి కుడివైపు పీసీ దాకా చక్కగా చేరుతుంది. జవాబు మాత్రం అక్కడే ఆగిపోతుంది. ఆ కవరు మీద నొక్కితే ఏ లేయర్‌లో (నెట్‌వర్క్ పనిలోని అంచెలో) ఏం జరిగిందో రాసి ఉంటుంది: గమ్యం మన సబ్‌నెట్‌లో లేదు, గేట్‌వే పెట్టలేదు, కాబట్టి ప్యాకెట్‌ను వదిలేస్తున్నాం అని. పింగ్ అంటే పోవడం మాత్రమే కాదు, తిరిగి రావడం కూడా అని పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది. నిజమైన పరికరాలతో దీన్ని ఇంత స్పష్టంగా చూపించడం కష్టం.

నాకు నచ్చనిది మాస్క్ దానంతటదే నిండిపోవడం. అడ్రస్ టైప్ చేసి మాస్క్ గడిలోకి వెళ్లగానే పాత క్లాసుల లెక్కన, అంటే అడ్రస్‌లోని మొదటి సంఖ్యను బట్టి, నింపేస్తుంది. 192తో మొదలైతే 255.255.255.0 వస్తుంది, ఇబ్బంది లేదు. 10.1.1.5 ఇస్తే 255.0.0.0 వచ్చి కూర్చుంటుంది. 1993లో మాస్క్‌ను అవసరాన్ని బట్టి పెట్టుకోనిచ్చే సీఐడీఆర్ వచ్చాక క్లాసుల లెక్కకు కాలం చెల్లింది, అయినా ఇక్కడ బతికే ఉంది. దాన్ని అలాగే వదిలేస్తే ఆ పీసీ 10.1.2.5ను కూడా తన సొంత నెట్‌వర్క్‌లోనిదే అనుకుంటుంది. గేట్‌వే జోలికి పోకుండా నేరుగా దానికోసమే ఏఆర్‌పీ అడుగుతుంది. రౌటర్ ప్రాక్సీ ఏఆర్‌పీతో, అంటే అవతలి పీసీ తరఫున తానే, బదులిచ్చిందా, పింగ్ పనిచేస్తుంది, తప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది. రౌటర్ రెండు పోర్టులకూ అలాంటి మాస్కే ఇస్తే, ఒకదాని పరిధిలోకి ఇంకొకటి వస్తోందంటూ రెండో అడ్రస్‌ను తీసుకోదు. పీసీకి అలాంటి కాపలా లేదు. అందుకే మాస్క్ గడిని ఖాళీ చేసి, లెక్క కాగితం మీద వేసుకున్నాకే టైప్ చేయమని పట్టుబడతాను.

మిగతావి చిన్న విషయాలే. డబ్బు కట్టనక్కర్లేదు గానీ అకౌంట్‌తో లాగిన్ కావాలి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు, కాబట్టి ల్యాబ్ అంతటా ఒకే వెర్షన్ ఉంచుకోవాలి. రౌటర్‌లో రన్నింగ్ కాన్ఫిగ్‌ను (ఇప్పుడు నడుస్తున్న సెట్టింగులు) స్టార్టప్ కాన్ఫిగ్‌లోకి (ఆన్ చేసినప్పుడు చదివే సెట్టింగులు) కాపీ చేయకుండా పవర్ స్విచ్ ఆపితే, ఇచ్చిన అడ్రసులన్నీ పోతాయి. నిజం రౌటర్‌లోనూ అంతే కాబట్టి దీన్ని లోపం అనను.

లోపల నడిచేది అసలు ఐఓఎస్ (సిస్కో పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్) కాదు, అందులోని కమాండ్లలో కొన్నే ఇక్కడ ఉంటాయి. ఐపీ అడ్రసింగ్, సబ్‌నెట్టింగ్, స్టాటిక్ రూట్లు నేర్చుకోవడానికి, సీసీఎన్ఏ (సిస్కో సర్టిఫికేట్ పరీక్ష) సాధనకు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఆపైన ఉద్యోగంలో పనికొచ్చే లోతు కావాలంటే, అసలు ఐఓఎస్ ఇమేజ్‌తో (దాని సాఫ్ట్‌వేర్ ఫైలుతో) జీఎన్ఎస్3 అనే మరో నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. దానికి మంచి ర్యామ్ ఉన్న కంప్యూటర్ కావాలి. ప్యాకెట్ ట్రేసర్ మాత్రం మా ల్యాబ్‌లోని పాత మెషీన్ల మీద కూడా హాయిగా నడుస్తోంది.