సెన్సర్లు సమదూరంలో పెట్టాలా, లెక్కచూసి పెట్టాలా: ఏది మేలు?

రెండు చివర్లా ఆనించిన దూలం ఎలా కంపిస్తోందో చూడాలి. చేతిలో ఉన్నవి మూడే సెన్సర్లు. దూలాన్ని నాలుగు సమభాగాలు చేసి, ఆ మూడు గీతల మీదా ఒక్కోటి అంటించేస్తాం. మొదట్లో నేనూ అంతే చేశాను. కానీ దూలం కంపించడానికి కొన్ని సొంత ఆకారాలుంటాయి, ఒక్కోదానికీ ఒక ఫ్రీక్వెన్సీ. వాటినే మోడ్లు అంటారు. నాలుగో మోడ్‌లో దూలం కంపిస్తే సరిగ్గా ఆ మూడు చోట్లే కదలిక ఉండదు. మూడూ సున్నా చూపిస్తాయి! ఐదో మోడ్‌తో ఇంకో చిక్కు. ఆ మూడు చోట్లా అది అచ్చం మూడో మోడే, కాకపోతే తలకిందులుగా. ఫ్రీక్వెన్సీ చూసి పట్టుకోవచ్చు గానీ ఆకారాన్ని బట్టి తేల్చలేం.

పోనీ బాగా ఊగే చోట పెడదామా? మొదటి మోడ్‌కి నడిమధ్య చోటు భేషుగ్గా ఉంటుంది, కానీ రెండో మోడ్, నాలుగో మోడ్ అక్కడ కనబడవు. అదే సెన్సర్‌ను చివర నుంచి 0.4 వంతు దూరానికి జరిపితే మొదటి నాలుగు మోడ్లూ దొరుకుతాయి: గరిష్ఠ ఊపులో 0.95, 0.59, 0.59, 0.95 వంతులు. ఐదోది మాత్రం పోతుంది.

లెక్కచూసి పెట్టడమంటే ఈ బేరాన్ని కంప్యూటర్‌కి అప్పగించడమే. అన్నీ ప్రయత్నిద్దామంటే కుదరదు. 100 చోట్లలో 10 ఎంచుకోవడానికి దాదాపు 17 లక్షల కోట్ల దారులున్నాయి. అందుకే క్యూఆర్ పివోటింగ్ (మాట్రిక్స్ లెక్కల్లో వాడే పద్ధతి) లాంటివి ఒక్కో అడుగే వేస్తాయి: ఎక్కువ సమాచారమిచ్చే చోటు తీసుకో, అది చెప్పేసినదాన్ని మిగతా చోట్ల నుంచి తీసెయ్, మళ్లీ వెతుకు. అన్నిటికన్నా మేలైనదే దొరుకుతుందన్న గ్యారంటీ లేదు, పని మాత్రం క్షణాల్లో అయిపోతుంది.

ఎక్కడ పెట్టాలన్నదాని కంటే ముందు ఏది కొలవాలో చూసుకోవాలి. వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ 1963లో ఇచ్చిన మూడు సమీకరణాల్లో ఎక్స్, వై, జెడ్ అని మూడు రాశులుంటాయి; వాటిని గీస్తే సీతాకోకచిలుక రెక్కల్లాంటి బొమ్మ వస్తుంది. ఎక్స్, వైల ప్లస్, మైనస్ గుర్తులు రెండూ మార్చినా జెడ్ మారదు. జెడ్ ఒక్కటే కొలిస్తే, ఎంతకాలం కొలిచినా, ఆ సీతాకోకచిలుక ఏ రెక్క మీద ఉన్నామో తెలియదు.

దూలం ఎలా కదులుతుందో చెప్పే గణిత మోడల్ మీద నమ్మకముంటే నా ఓటు లెక్కకే. లేకపోతే సమదూరాన్ని కాస్త చెదరగొట్టి పెట్టండి, వచ్చిన డేటాతో లెక్క వేసి జరపండి. నాలుగు మోడ్లకి నాలుగే సెన్సర్లు మాత్రం వద్దు. ఒకటి చెడిందా, ఆ నాలుగింటినీ విడదీయడం కష్టం.