దూరపు వీహెచ్‌ఎఫ్ బీకన్లు వినడానికి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వీ3 సరిపోతుందా?

ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ బ్లాగ్ వారి వీ3 డాంగిల్‌ను (కంప్యూటర్‌కు తగిలిస్తే రేడియో రిసీవర్‌గా పనిచేసే చిన్న పెట్టె) విమానాల సంకేతాలు పట్టడానికో, ఎఫ్‌ఎం వినడానికో కొన్నవారి అభిప్రాయాలు కావలసినన్ని దొరుకుతాయి. నేను దాన్ని లండన్‌కు పడమర ఉన్న మా ఇంట్లో వీహెచ్‌ఎఫ్ పరిధిలోని 144 మెగాహెర్ట్జ్ హ్యామ్ (ఔత్సాహిక రేడియో) బ్యాండ్‌లోని దూరపు బీకన్ల కోసం వాడుతున్నాను. బలమైన స్టేషన్‌ను ఏ రిసీవరైనా వినిపిస్తుంది. రొదలో మునిగిన సన్నని క్యారియర్‌ను (మాటా పాటా లేని ఒట్టి రేడియో తరంగాన్ని) పైకి తేవడంలోనే దాని పస తెలుస్తుంది.

బీకన్ అనే ట్రాన్స్‌మిటర్ ఎవరితోనూ మాట్లాడదు. ఒకేచోట ఉండి, రాత్రనక పగలనక తన కాల్‌సైన్‌ను (గుర్తింపు పేరును) మోర్స్‌లో పంపుతూనే ఉంటుంది. అది ఎక్కడుందో, ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో ముందే తెలుసు కనుక, మామూలుగా వినిపించనిది వినిపించిందంటే అటువైపు దారి తెరుచుకున్నట్టే. ఐరోపాలో 144.400 నుంచి 144.490 మెగాహెర్ట్జ్ వరకు బీకన్లకే విడిచిపెట్టారు. (రేడియో కోసం ప్రపంచాన్ని పంచిన రీజియన్లలో భారతదేశం మూడోదానిలోకి వస్తుంది కనుక ఈ ఏర్పాటు అక్కడికి వర్తించదు.) ఈ 90 కిలోహెర్ట్జ్‌ను డాంగిల్ ఒకేసారి తెర మీద పరిచి చూపిస్తుంది. మామూలు రిసీవర్‌లో డయల్ తిప్పుకుంటూ ఒక్కొక్కటిగా వెతకవలసిన బీకన్లు ఇక్కడ వాటర్‌ఫాల్‌లో (సంకేతాలు కాలంతోపాటు జారుతూ కనిపించే చిత్రంలో) సన్నని నిలువు గీతలై కనిపిస్తాయి. ఈ ఒక్క సదుపాయం కోసమైనా దీన్ని కొనవచ్చు.

రెండో బలం ఫ్రీక్వెన్సీ నిలకడ. పాత టీవీ డాంగిళ్లలోని క్రిస్టల్ ఈ బ్యాండ్‌లో కొన్ని కిలోహెర్ట్జ్ దాకా పక్కకు జరిగేది కాబట్టి, కనిపించిన గీత ఏ బీకన్‌దో తేల్చుకోవడమే పెద్ద పని అయ్యేది. వీ3లో ఉష్ణోగ్రత మార్పులను సరిదిద్దుకునే ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు తేడా) ఆసిలేటర్ ఉంది. అంటే 144 మెగాహెర్ట్జ్ దగ్గర తేడా 144 హెర్ట్జ్‌కు మించకూడదు. పెట్టె వేడెక్కేవరకు కొద్దిగా జరుగుతుంది, ఆ తరువాత కుదురుకుంటుంది. కెంట్‌లోని జీబీ3వీహెచ్‌ఎఫ్ బీకన్ జీపీఎస్‌కు కట్టుబడి కచ్చితంగా 144.430 మీద ఉంటుంది కాబట్టి, దాన్ని చూసి సాఫ్ట్‌వేర్‌లో సవరించుకుంటే మిగతా బీకన్లన్నీ తమ తమ స్థానాల్లోకి వస్తాయి.

లోపాలు సిగ్నల్ లోపలికి వచ్చే దారిలో ఉన్నాయి. ఇందులో సంకేతాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్ ఎనిమిది బిట్లదే, అంటే బలమైనవీ సన్ననివీ ఒకేసారి పట్టే శక్తి తక్కువ. చుట్టుపక్కల ఎఫ్‌ఎం ప్రసారాలో పేజర్ ట్రాన్స్‌మిటర్లో బలంగా ఉంటే లేని గీతలు పుట్టుకొస్తాయి, ఉన్న బీకన్లు మాయమవుతాయి. గెయిన్‌ను (సంకేతాన్ని పెంచే స్థాయిని) చివరిదాకా పెంచడం వల్ల లాభం లేదు. యాంటెన్నా తగిలించగానే రొద కొద్దిగా లేచే చోట ఆపడమే మేలు. ఎఫ్‌ఎంను అడ్డుకునే ఫిల్టర్ ఒకటి యాంటెన్నాకూ డాంగిల్‌కూ మధ్య పెడితే మా ఇంట్లో తేడా వెంటనే కనిపించింది. సరిగ్గా 144.000 మీద ఎప్పుడూ ఒక గీత నిలబడి ఉంటుంది. అది డాంగిల్‌లోని 28.8 మెగాహెర్ట్జ్ గడియారపు అయిదో హార్మోనిక్ (అయిదు రెట్ల ఫ్రీక్వెన్సీ). బీకన్ల భాగానికి దూరంగా ఉంది కాబట్టి దాని గోల మనకు అక్కరలేదు.

డాంగిల్ కిట్‌తో వచ్చే డైపోల్‌ను, అంటే రెండు కడ్డీల యాంటెన్నాను, తక్కువ చేసి చూడనక్కరలేదు. ఒక్కో కడ్డీని అర మీటరుకు కాస్త తక్కువగా లాగి, తప్పనిసరిగా అడ్డంగా పెట్టాలి. బీకన్లు సాధారణంగా అడ్డ ధ్రువణంతోనే (తరంగం అడ్డంగా ఊగేలా) ప్రసారం చేస్తాయి కాబట్టి, దాన్ని నిలువుగా నిలబెట్టినవారు ఏమీ వినిపించడం లేదని డాంగిల్‌ను తిట్టుకుంటారు. దానితో ఇచ్చే మూడు మీటర్ల సన్నని కేబుల్ మాత్రం ఈ ఫ్రీక్వెన్సీలో సుమారు ఒక డెసిబెల్ మింగేస్తుంది.

ఇన్ని పరిమితుల మధ్య కూడా ఇది చూపించేవి చెప్పుకోదగ్గవి. ఎఫ్‌ఎఫ్‌టీ సైజు (తెర మీద ఫ్రీక్వెన్సీని విడదీసి చూపే సూక్ష్మత) బాగా పెంచి, ఒక బీకన్ గీతను దగ్గరగా చూస్తే, దాని పక్కన ఏటవాలు చారలు వచ్చి, గీతను కోసుకుంటూ అటువైపు పోతుంటాయి. అవి హీత్రో వైపు వెళ్లే విమానాల ఒంటికి తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనులు. విమానం వేగాన్ని బట్టి డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడా) మారడం కళ్లముందే కనిపిస్తుంది. ఆగస్టులో పర్సీడ్ ఉల్కలు రాలే రాత్రుల్లో ఏమీ లేనిచోట గీత ఒక్క క్షణం మెరిసి ఆరిపోతుంది. వాతావరణంలో అధిక పీడనం నిలిచి, ఎత్తున వెచ్చని గాలి పొర పరుచుకున్నప్పుడు మాత్రం అసలైన దూరాలు పలుకుతాయి. డెన్మార్క్‌లోని ఓజెడ్7ఐజీవై మా ఇంటికి 900 కిలోమీటర్లకు పైమాటే. 1957-58 నాటి అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం పేరునే కాల్‌సైన్‌లో మోస్తున్న ఈ బీకన్ ప్రతి నిమిషం మొదట్లో దాదాపు పాతిక సెకన్ల పాటు పీఐ4 అనే డిజిటల్ సంకేతం పంపి, ఆ వెంటనే మోర్స్‌లో పేరు చెప్పి, మిగిలిన సమయం ఉత్త క్యారియర్‌గా ఉంటుంది. మొదట తెర మీద నాలుగు స్వరాల మెట్లు కనిపించి, ఆ తరువాత చెవికి పేరు అందినప్పుడు, ఇంత చవక పెట్టెలోంచి వస్తోందంటే నమ్మబుద్ధి కాదు.

50 మెగాహెర్ట్జ్ బీకన్లకూ ఇదే డాంగిల్ చాలు. వేసవిలో స్పొరాడిక్-ఈ (పై వాతావరణంలోని ఈ పొర అప్పుడప్పుడు సంకేతాలను కిందికి వంచడం) తెరుచుకున్న రోజుల్లో పెద్ద యాంటెన్నా కూడా అవసరపడదు, కిట్ కడ్డీలను పూర్తిగా లాగినా ఆ బ్యాండ్‌కు పొట్టివే అయినప్పటికీ.

ఇంకా డబ్బు పెట్టగలిగితే ముందు ఫిల్టర్, ఆ తరువాత కప్పు మీద అడ్డంగా నిలిపే చిన్న యాగీ (ఒక దిశకు గురిపెట్టే యాంటెన్నా), చివరగా దాని దగ్గరే బిగించే ప్రీయాంప్లిఫయర్ (బలహీన సంకేతాన్ని పెంచేది) కొనడం మంచిది. ప్రీయాంప్లిఫయర్‌కు కావలసిన 4.5 వోల్టులను డాంగిలే కేబుల్ గుండా పంపగలదు. ఆ వోల్టేజీని సాఫ్ట్‌వేర్‌లో ఆన్ చేసేముందు యాంటెన్నా డీసీకి (ఏకముఖ విద్యుత్తుకు) షార్ట్ అయి లేదని చూసుకోవాలి.