పటాలం జీను: ఏడేళ్లు కూర్చున్నాక

ఈ జీనులో అన్నిటికన్నా తెలివైన భాగాన్ని నేను డబ్బులిచ్చి మరీ చంపించాను. ముప్పావు గంట పని, రెండు వందల యాభై రూపాయలు. ఆ సంగతి దాచిపెట్టి "బ్రహ్మాండంగా ఉంది, కళ్లు మూసుకొని కొనండి" అని రాస్తే మా గుర్రమే నన్ను క్షమించదు.

జీను యూనివర్సల్ ప్యాటర్న్ 1912. బ్రిటిష్ సైన్యం రౌతుల జీను. గుర్రాలతో తిరిగేవాళ్లకు దాని రూపురేఖలు కొత్తగా చెప్పక్కర్లేదు. ముందొక ఉక్కు కమాను, వెనకొక ఉక్కు కమాను, వాటికి వేలాడుతూ వెన్నుకు అటొకటి ఇటొకటి చెక్క పలకలు, పైన తోలు. నాది బెంగళూరులో పాత సామాన్ల అంగట్లో దొరికింది. కమాను మీద 1942 అని అచ్చు, తోలు మీద సర్కారు సొత్తుకు వేసే బాణం గుర్తు. బేరమాడి పద్నాలుగు వేలకు తెచ్చుకున్నా. గుంతకల్లులో దింపుకొని ఆటోలో గుత్తి దాకా వస్తుంటే పక్కన కూర్చున్న ముసలాయన "ఎద్దుకా?" అని అడిగాడు.

ఎద్దుకు కాదు, గౌరికి. గౌరి మా ఆడగుర్రం. కాఠియావాడ్ జాతి అని అమ్మినవాడు ఒట్టేసి చెప్పాడు. చెవుల కొనలు లోపలికి వంగి ఉన్నమాట నిజమే. మిగతాదంతా ఈ నేల గుర్రమే అని నా అనుమానం. రోజూ పొద్దున చీనీ తోట దాకా, అక్కడి నుంచి శనక్కాయ చేను దాకా పోయి రావడం దాని పని. పోను రాను పదకొండు కిలోమీటర్లు. బైకు లేక కాదు. అలవాటైపోయింది, అంతే.

ఇక అసలు విషయం. ఇంతకు ముందొచ్చిన 1902 నమూనాలో ఆ చెక్క పలకలు కమానుకు కదలకుండా బిగించి ఉంటాయి. 1912లో వాటికి కీళ్లు పెట్టారు. గుర్రం వీపు వాలు ఎట్లా ఉంటే పలక అట్లా వాలుతుంది. బొద్దుగా ఉన్నప్పుడు విచ్చుకుంటుంది, చిక్కిపోతే ముడుచుకుంటుంది. దండయాత్రకు పోయిన గుర్రం బయల్దేరిన రోజున్నట్టు రెండు నెలల తర్వాత ఉండదు కదా. దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతి రైతులైన బోయర్లతో 1899 నుంచి 1902 దాకా జరిగిన యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ల గుర్రాలు మూడు లక్షలకు పైగా చచ్చాయి. తూటాలకు పోయినవి కొన్నే. మేత లేక, విశ్రాంతి లేక, మోయలేని బరువుకు పోయినవే ఎక్కువ. మనిషి, తుపాకీ, కత్తి, దాణా అన్నీ కలిపి ఒక్కో రౌతు గుర్రం మీద నూట ఇరవై కిలోల దాకా పడేది.

అనంతపురం జిల్లాలో యుద్ధం అక్కర్లేదు, ఎండాకాలం చాలు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే మాకు మంచి సంవత్సరం. కార్తీకంలో పచ్చగడ్డి, శనక్కాయ కట్టె తిని గౌరి గుమ్మడికాయలా ఉంటుంది. వైశాఖం వచ్చేసరికి జొన్నచొప్ప, నానేసిన ఉలవలు తప్ప ఏమీ ఉండదు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఒకే గుర్రానికి ఏడాదిలో రెండు వీపులు. ఈ జీను మా జిల్లా కోసమే చేశారేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

అప్పుడు అనిపించలేదు. తెచ్చిన మూడో నెల, కార్తీకమే, గౌరి మంచి ఒంట్లో ఉంది. జీను ఎత్తినప్పుడల్లా పలకలు టకటకమని ఊగుతున్నాయి. డెబ్బై ఐదేళ్ల నాటి సామాను, కీళ్లు అరిగిపోయాయి అనుకున్నా. గుత్తిలో ఒక వెల్డింగ్ అంగడికి పట్టుకుపోయా. ఆ పిల్లోడు అటూ ఇటూ ఊపి చూసి, "లూజు పడిందన్నా, నాలుగు టాకాలేస్తే రాయిలాగుంటాది" అన్నాడు. అతని తప్పేం లేదు, నేను అడిగిందే చేశాడు. చెక్క కాలకుండా తడి గోనెపట్ట చుట్టి, ఎంత శ్రద్ధగా చేశాడంటే నేను ఇంకో యాభై ఎక్కువిచ్చి వచ్చా. నిజంగానే రాయిలాగే అయింది. నాలుగు నెలలు నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. చప్పుడు లేదు, ఊగడం లేదు. ఆ రోజుల్లో జీను గురించి అడిగినవాళ్లందరికీ "గట్టి సరుకు" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా.

ఫాల్గుణం మధ్యలో ఒకరోజు జీను దించి చూస్తే వీపంతా చెమటతో తడిసి ఉంది, మూపు వెనక అటొకటి ఇటొకటి అరచేతిలో సగమంత మేర మాత్రం పొడిగా ఉంది. నేను మురిసిపోయా. చూశావా, అక్కడ చెమట కూడా పట్టలేదు, గాలి ఎంత బాగా ఆడుతోందో అని. మా ఆవిడకు చూపించా కూడా. చెమటలో పొడి మచ్చ కనబడిందంటే అక్కడ బరువంతా ఒత్తి రక్తం ఆగిపోతోందని అర్థం. గుర్రాల మనిషి ఎవడికైనా మొదట నేర్పే పాఠం అది. నాకు నేర్పినవాళ్లు లేరు.

పది రోజులకు ఆ మచ్చల మీద వెంట్రుకలు రాలాయి. ఉగాది నాటికి ఎడమవైపు వాపు, వేలు పెడితే వేడి. జీను చూపిస్తేనే గౌరి చెవులు వెనక్కి మడిచి పక్కకు జరిగిపోతుంది. ఒకరోజు పొట్టపట్టీ బిగిస్తుంటే నా భుజం పట్టుకొని కొరికింది. తొడుక్కున్న చొక్కా చిరిగింది, గుర్రానికి పొగరెక్కిందని తిట్టుకున్నా. పశువుల డాక్టరు మందు రాసి "జీను మార్చండి" అన్నాడు. జీను మంచిదే సార్, గుర్రానిదే తప్పు అని నేను వాదించా. చిక్కిన వీపుకు, లావు వీపు కొలతలో బిగుసుకుపోయిన పలకలు ఆనితే ఏమవుతుంది? పైఅంచులు రెండూ వెన్నుకు అటూ ఇటూ దిగబడతాయి. అదే జరుగుతోంది, నా కళ్లెదురుగా.

వైశాఖంలో పెళ్లికని మా మేనమామ వచ్చాడు. సైన్యంలో గుర్రాల దగ్గర ఇరవై ఏళ్లు చేసొచ్చిన మనిషి. టీ గ్లాసు పట్టుకొని సాలలోకి పోయాడు. గౌరి వీపు చూశాడు, మాట్లాడలేదు. దండెం మీదున్న జీను బోర్లించి రెండు పలకలూ పట్టుకొని ఊపబోయాడు.

"ఏమిరా అల్లుడా, ఇవి ఏంటికి కదల్లేదు?"

"లూజు పడింటే టాకాలేయించినా మామా."

గ్లాసు కింద పెట్టేసి మంచం మీద కూర్చున్నాడు. "అది లూజు కాదురా సామీ. ఆ జీను పుట్టిందే దానికోసం గదరా."

నవ్వుతాడేమో అనుకున్నా, నవ్వలేదు. ఆ సాయంత్రమే గ్రైండరు తెప్పించి నాలుగు టాకాలూ కోయించాడు. నిప్పురవ్వలు ఎగురుతుంటే పక్కన నిలబడి పలకను ఒక వేలితో తోసి చూసేవాడు. నాలుగోది తెగాక పలక దానంతటదే వాలింది. అప్పుడు నవ్వాడు. గౌరికి రెండున్నర నెలలు వీపు మీద ఏమీ వేయలేదు. పుండు మానిన చోట తెల్లవెంట్రుకలు వచ్చాయి, ఎడమ పక్క రెండు మచ్చలు, పాత అర్ధరూపాయి బిళ్లంత. అవి ఇక పోవు.

మామ ఉన్న పది రోజుల్లో నేర్పిందే ఇప్పటికీ నా పద్ధతి. కింద వేసే కంబళి జారకుండా ముందు మూపు మీదికి ఎక్కించి, వెంట్రుకల వాలున వెనక్కి లాగాలి. కల్యాణదుర్గం వైపు కురుబలు నేసే నల్ల కంబళి నాలుగు మడతలు వేస్తా, గౌరి చిక్కితే ఇంకో రెండు మడతలు. జీను పెట్టాక ముందు కమాను కింద నిటారుగా రెండు వేళ్లు దూరాలి. వెనక నిలబడి వంగి చూస్తే వెన్ను మీదుగా అవతలి వెలుతురు కనబడాలి. ఇంటికి రాగానే జీను లాగేయకూడదు. పట్టీ వదులు చేసి పావుగంట అట్లనే ఉంచి, దించాక అరచేత్తో వీపంతా తట్టి రుద్దాలి. ఒత్తిడి పడిన చోటికి రక్తం ఒక్కసారిగా ఉరికితే వాపొస్తుంది. మామ ఇంకోటి కూడా చెప్పాడు, ఆఖరి కిలోమీటరు దిగి నడవమని. నేను డెబ్బై ఎనిమిది కిలోలు, కాబట్టి ఇది గుర్రం కోసం మాత్రమే చెప్పాడని అనుకోవట్లేదు.

కీలు వదిలాక ఆరేళ్లు దాటింది, మళ్లీ ఒక్క పుండు లేదు. ఎండాకాలంలో జీను పెట్టి పక్కన నిలబడితే పలక నెమ్మదిగా లోపలికి ఒదగడం కంటికి కనబడుతుంది, కోడి రెక్క ముడుచుకున్నట్టు. రోజూ చూస్తా, రోజూ బాగుంటుంది.

అట్లని అంతా తియ్యగా లేదు. ఆ కీళ్లకు మా ఎర్రదుమ్ము శత్రువు. వారానికోసారి గుడ్డతో తుడిచి చుక్క నూనె వేయకపోతే గానుగలా కిర్రుమంటాయి. పైగా నేను వెల్డింగు పెట్టించిన పాపం వెనక కమానులో ఇంకా మిగిలే ఉంది. వేడికి దెబ్బతిన్న అక్కడి కీలు మేకు మూడో ఏడు విరిగింది. గుంతకల్లులో లేతు పట్టించి బోల్టు చేయించా. పనైతే చేస్తోంది గానీ నెలకోసారి వదులవుతుంది, స్పానరు దగ్గర పెట్టుకోవాలి. టాకాలు పడని జీనుకు ఈ బాధ ఉండదేమో, నా దానితోనే చెప్పగలను.

తోలు సంగతి. మొదట్లో ఇంట్లో పుష్కలంగా ఉందని శనక్కాయ నూనె పూశా. చీమలు పట్టాయి, ఎలుక పొట్టపట్టీ సగం కొరికింది. అప్పటి నుంచి ఆముదమే, పలచగా, నెలకోసారి. మే నెల ఎండకు అది కూడా చాలదు, కుట్ల దగ్గర తోలు పగులుతుంది. తాడిపత్రిలో తోలుపని చేసే పెద్దాయన ఒకరు మైనం పట్టించిన దారంతో, ఆరెతో మళ్లీ కుట్టిచ్చాడు. అతని కుట్టు పాత కుట్టుకన్నా మేలుగా ఉంది.

కూర్చునే తోలు మధ్యలో కుంగింది. పదకొండు కిలోమీటర్లకు పర్వాలేదు. పోయిన సంక్రాంతికి పత్తికొండ దాకా పోయి రావాలని బయల్దేరి, సగం దారిలో నడుము పట్టేసి తిరిగొచ్చా. మన్రో దొర కలెక్టరుగా దత్తమండలాలన్నీ గుర్రం మీదే తిరిగాడంటారు, 1827లో ఆ పత్తికొండలోనే కలరాతో పోయాడు, మొదట పూడ్చింది మా గుత్తిలోనే. ఆయన జీను ఎట్లాంటిదో గానీ నడుము మాత్రం ఉక్కుదై ఉండాలి.

మొదటి ఏడాది నేను తెగ పొగిడిన ఇంకోటి, చుట్టూ ఉన్న ఇనుప కొక్కేలు. ఏదైనా తగిలించుకోవచ్చు అని. తుపాకీ పెట్టే తోలు గొట్టంలో ఇప్పుడు గొడుగు పెడతా, కత్తి పక్కన వేలాడే లాడాల సంచిలో ఫోను, వేపపుల్ల. అంతవరకు బాగుంది. ఒకసారి కొక్కేలకు రెండువైపులా చీనీకాయల సంచులు తగిలిస్తే నడకకు అవి గుర్రం డొక్కల్లో కొట్టుకొని, గౌరి చేనుగట్టు మీద నుంచి దూకింది. నేను గట్టు మీదే ఉండిపోయా, కూర్చున్నట్టే.

స్నేహితుడి దగ్గర అమెరికా సైన్యం 1859లో తీసుకున్న మెక్లెలన్ జీనుకు నకలు ఉంది. పది రోజులు వాడి చూశా. నడిమధ్య చీలిక ఉంటుంది, గాలి బాగా ఆడుతుంది, మా ఎండకు హాయి. బరువు కూడా తక్కువే. కానీ దాని చట్రం కదలదు, గుర్రం చిక్కితే కంబళి మడతలే దిక్కు. అతని గుర్రం ఏడాదంతా సాలలో దాణా తిని ఒకే తీరున ఉంటుంది కాబట్టి అతనికి అదే మేలు. పెళ్లి ఊరేగింపులకు గుర్రం తోలేవాళ్లు కూడా నన్నడిగారు. వాళ్లకు ఇది అనవసరం. గంటసేపు మోసేదానికి ఇంత బరువు, ఇంత తుడుపు ఎందుకు?

నాలా వానను బట్టి లావయ్యే, చిక్కే గుర్రం ఒకటే ఉండి, తోలుకు నూనె పట్టించే ఓపిక ఉండి, గంటకు మించి కూర్చోవాల్సిన పని లేని మనిషికైతే పనికొస్తుంది. కొనేటప్పుడు పలకలు పట్టుకొని ఊపి చూడండి. టకటకమంటే బేరం ఆడకుండా తీసుకోండి. కదలకపోతే మాత్రం వదిలేసి రండి, నాలాంటివాడెవడో ముందే చెయ్యి పెట్టుంటాడు.

బోల్టు మళ్లీ వదులైంది. వచ్చే వారం గుంతకల్లు పోవాలి. ఈసారి రెండు చేయించి ఒకటి లాడాల సంచిలో వేసుకుంటా.